తెల్ల రక్తకణాలకు 'రెడీగా ఉండు' అని ఎవరు చెబుతారు?

ఈ రోజు ఒక కాగితంతో మొదలుపెడదాం. మన దగ్గర జ్వరం మూడు రోజులు దాటితే డాక్టర్ రాసే మొదటి టెస్టు సీబీపీ, అంటే కంప్లీట్ బ్లడ్ పిక్చర్. రిపోర్టులో టోటల్ డబ్ల్యూబీసీ కౌంట్ అని ఒక లైను ఉంటుంది. పెద్దవాళ్లలో మామూలుగా మైక్రోలీటరు రక్తానికి 4,000 నుంచి 11,000 మధ్య ఉంటుంది. దాని కింద న్యూట్రోఫిల్స్ ఇంత శాతం, లింఫోసైట్స్ ఇంత శాతం అని ఇస్తారు. కొన్ని ల్యాబుల్లో న్యూట్రోఫిల్స్‌నే పాలిమార్ఫ్స్ అని రాస్తారు, రెండూ ఒకటే. ఏ అంకె అయినా బోల్డ్‌లో కనిపించిందంటే చాలు, ఇంట్లో అందరి ఫోన్లూ బయటికొస్తాయి.

ఆ కాగితం చెప్పేది కణాలు ఎన్ని ఉన్నాయి అని మాత్రమే. అవి ఏ స్థితిలో ఉన్నాయో అది చెప్పదు. ఇద్దరికీ కౌంట్ 8,000 ఉండొచ్చు. ఒకరి కణాలు రక్తంలో తీరిగ్గా తిరుగుతుంటాయి. ఇంకొకరివి మాత్రం 'ఒక్క మాట చెప్పు చాలు, తగలబెట్టేస్తా' అన్నట్టు ఉంటాయి. ఈ రెండో స్థితిని సైన్సులో ప్రైమింగ్ అంటారు. ఈ రోజు మన టాపిక్ అదే.

పొలం దగ్గర మోటారు వేసేవాళ్లకి ఈ మాట బాగా అర్థమవుతుంది. ఫుట్‌వాల్వ్ లీకై పైపు ఖాళీ అయిపోతే, స్విచ్ వేసినా మోటారు ఉత్తినే తిరుగుతుంది, నీళ్లు ఎక్కవు. ముందు పైపులో నాలుగు బిందెలు పోయాలి. అప్పుడు స్విచ్ వేస్తే దబదబా పోస్తుంది. ఆ ముందు పోసే నీళ్ల వల్ల పొలం తడవదు. కానీ అవి లేకపోతే మాత్రం పని జరగదు. మన తెల్ల రక్తకణాల విషయంలో కూడా ముందు పోసే నీళ్లు ఉన్నాయి. వాటి పేర్లు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-8, జీఎం-సీఎస్ఎఫ్, ఇలాంటివి. వీటిని ఇన్‌ఫ్లమేషన్ సిగ్నల్స్ అంటాం. దెబ్బ తగిలిన చోట వాపు, ఎరుపు, వేడి, నొప్పి వస్తాయి కదా, ఆ గొడవంతా నడిపించే రసాయనాలు ఇవే.

ముల్లు కథ దగ్గరికి వెళ్దాం. 1882లో ఇటలీలోని మెస్సీనా ఊళ్లో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ సైంటిస్టు, అద్దంలా పారదర్శకంగా ఉండే స్టార్‌ఫిష్ పిల్లల్లోకి గులాబీ ముళ్లు గుచ్చి చూశాడు. మర్నాడు పొద్దున చూస్తే ముల్లు చుట్టూ కణాలు గుంపుగా చేరి ఉన్నాయి. శరీరంలో తిరిగే కణాలే బయటి నుంచి వచ్చినదాన్ని చుట్టుముట్టి తింటాయన్న ఆలోచన అక్కడ మొదలైంది. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు.

ఇప్పుడు అదే ముల్లు మీ అరికాల్లో దిగిందనుకోండి. ముల్లుతో పాటు బ్యాక్టీరియా కూడా లోపలికి వెళ్లింది. అక్కడ ముందు నుంచే కాపురం ఉండే మాక్రోఫేజ్ కణాలు మొదట గుర్తుపడతాయి. చాలా బ్యాక్టీరియాల పైపొరలో ఎల్‌పీఎస్ అనే పదార్థం ఉంటుంది, దాన్ని పట్టుకునే రిసెప్టర్ పేరు టీఎల్ఆర్-4. దాన్ని కనిపెట్టినందుకే బ్రూస్ బ్యూట్లర్‌కి 2011 నోబెల్‌లో భాగం దక్కింది. మాక్రోఫేజ్ టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్‌లను వదులుతుంది. దాంతో పక్కనున్న రక్తనాళం లోపలి గోడ కొంచెం జిగురుగా మారుతుంది. రక్తంలో వేగంగా కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్ ఆ గోడకి తగిలి దొర్లుతుంది, మెల్లగా ఆగుతుంది, గోడ సందులోంచి దూరి బయటికొస్తుంది.

గమనించాల్సింది ఏంటంటే, ఈ దారి పొడుగునా న్యూట్రోఫిల్‌కి ఆ సిగ్నల్స్ తగులుతూనే ఉంటాయి. అంటే నడుస్తూ నడుస్తూనే తయారవుతుంది. ఒంటి మీదున్న ఎల్-సెలెక్టిన్ అనే ప్రొటీన్‌ని రాల్చేస్తుంది. గట్టిగా పట్టుకోవడానికి పనికొచ్చే సీడీ11బీ అనే ప్రొటీన్‌ని పైకి తెస్తుంది. కొన్ని గంటల్లో చనిపోవాల్సిన కణం, జీఎం-సీఎస్ఎఫ్ తగిలితే చావు వాయిదా వేసుకుంటుంది. కానీ ఆయుధం మాత్రం ఇంకా తీయదు. అది బ్యాక్టీరియా ఎదురుపడ్డాకే.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ డిజైన్ చూస్తే ముచ్చటేస్తుంది. బ్యాంకు యాప్‌లో డబ్బు పంపాలంటే పాస్‌వర్డ్ ఒక్కటే సరిపోదు, ఓటీపీ కూడా కావాలి. ఇక్కడా అంతే. మొదటి సిగ్నల్‌తో ఖజానా తెరుచుకోదు, తెరవడానికి అర్హత మాత్రమే వస్తుంది.

దీన్ని ల్యాబులో స్పష్టంగా చూపించిన పేపర్లలో ఒకటి 1984లో వచ్చింది. గత్రీ, మెక్‌ఫెయిల్, హెన్సన్, జాన్‌స్టన్ అనే నలుగురు జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ మెడిసిన్‌లో రాశారు. న్యూట్రోఫిల్స్‌కి అతి కొద్దిగా ఎల్‌పీఎస్ తగిలించారు. పైకి ఏమీ జరగలేదు, విషపు ఆక్సిజన్ ఏమీ బయటికి రాలేదు. తర్వాత అవే కణాలకి ఎఫ్ఎంఎల్‌పీ అనే చిన్న ముక్క చూపించారు. బ్యాక్టీరియా ప్రొటీన్ల మొదట్లో ఉండే గుర్తు అది. మామూలు కణాలు దానికి నామమాత్రంగా స్పందించాయి. ముందు ఎల్‌పీఎస్ తగిలినవి మాత్రం చాలా రెట్లు ఎక్కువ సూపర్‌ఆక్సైడ్‌ని చిమ్మాయి.

సూపర్‌ఆక్సైడ్ అంటే ఎలక్ట్రాన్ అదనంగా ఎక్కిన ఆక్సిజన్. న్యూట్రోఫిల్ దాన్ని తయారుచేస్తుంది, దాంట్లోంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది, దాన్ని మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ హైపోక్లోరస్ ఆసిడ్‌గా మారుస్తుంది. బాత్రూం కడిగే బ్లీచింగ్ కుటుంబానికి చెందినదే అది. మన కణం లోపల బ్లీచ్ తయారవుతుందంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఇంకో చిన్న సంగతి. ఆ మైలోపెరాక్సిడేజ్ రంగు ఆకుపచ్చ. చీము, కఫం పచ్చగా కనిపించడానికి పెద్ద కారణం అదే. అందుకే కఫం పచ్చబడగానే మెడికల్ షాపుకెళ్లి యాంటీబయాటిక్ అడగడం సరైన లెక్క కాదు. న్యూట్రోఫిల్స్ పనిలోకి దిగాయని ఆ రంగు చెబుతుంది, ఎవరి మీదికి దిగాయో చెప్పదు. వైరల్ జలుబులో కూడా పచ్చగా రావచ్చు.

మరి ప్రైమింగ్ అయినప్పుడు లోపల ఏం మారుతుంది? సూపర్‌ఆక్సైడ్ తయారుచేసే మెషీన్ పేరు ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్. దాని అందం ఏంటంటే అది విడి భాగాలుగా ఉంటుంది. రెండు భాగాలు పొరలో బిగించి ఉంటాయి, మిగతావి కణం లోపలి ద్రవంలో తేలుతుంటాయి. అన్నీ ఒక్కచోట కూడితేనే మెషీన్ నడుస్తుంది. తేలే భాగాల్లో పీ47ఫాక్స్ అనేదొకటి ముఖ్యం. మామూలప్పుడు అది ముడుచుకుని ఉంటుంది. టీఎన్ఎఫ్ గానీ జీఎం-సీఎస్ఎఫ్ గానీ తగిలితే దాని 345వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆసిడ్ మీద ఒక ఫాస్ఫేట్ అతుక్కుంటుంది. దాంతో సగం విప్పుకుంటుంది, కానీ పొరకి చేరి మెషీన్ పూర్తిగా బిగించుకోదు. బ్యాక్టీరియా ఎదురైతే మిగతా ఫాస్ఫేట్లు పడతాయి, టక్కున బిగుసుకుంటుంది. ఫ్రాన్స్ పరిశోధకులు 2006లో ఇది చూపించారు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్నవాళ్ల కీళ్లలోంచి తీసిన న్యూట్రోఫిల్స్‌లో కూడా ఆ 345వ గుర్తు పడి ఉంది. అంటే ఆ కీళ్లలో బ్యాక్టీరియా లేకపోయినా కణాలు సగం మేల్కొని కూర్చున్నాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఆ మెషీన్ పుట్టుకతోనే పాడైనవాళ్లు ఉన్నారు. క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ అంటారు. ఎక్కువగా మగపిల్లల్లో వస్తుంది, ఎందుకంటే అందులో ముఖ్యమైన జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. వీళ్ల న్యూట్రోఫిల్స్ బ్యాక్టీరియాని మింగుతాయి గానీ చంపలేవు. మళ్లీ మళ్లీ గడ్డలు, ఊపిరితిత్తుల్లో ఫంగస్. సీబీపీలో కౌంట్ మాత్రం బాగానే ఉంటుంది. కౌంట్ వేరు, పని వేరు అనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

సరే, ఇంత తతంగం ఎందుకు? కణం పుట్టుకతోనే పూర్తి సిద్ధంగా ఉంటే పోదా? పోదు. మన ఎముక మూలుగ రోజుకి సుమారు 10 వేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ని తయారుచేస్తుంది. వాటి దగ్గరున్న బ్లీచ్‌కి గానీ ఎలాస్టేజ్ లాంటి ఎంజైమ్‌లకి గానీ బ్యాక్టీరియా గోడ ఏది, మన ఊపిరితిత్తి గోడ ఏది అన్న తేడా తెలీదు. అన్ని కణాలూ ఎప్పుడూ సిద్ధంగా తిరిగితే మనల్ని మనమే కాల్చుకుంటాం.

అదే జరిగే ఒక సందర్భం మన రోడ్ల మీద రోజూ కనిపిస్తుంది. బైక్ యాక్సిడెంట్. తొడ ఎముక విరిగింది, పక్కటెముకలు విరిగాయి, రక్తం పోయింది. ఆస్పత్రిలో కాలికి బయటి నుంచి రాడ్లు, పిన్నులు బిగించి ఐసీయూలో పెట్టారు. బంధువులంతా బయట కోపంగా ఉంటారు. 'అసలు ఆపరేషన్ చెయ్యరేంటి, బిల్లు కోసం రోజులు లాగుతున్నారు' అని. బిల్లుల గొడవలు ఉన్నాయి, లేవని నేను అనను. కానీ ఈ ఆగడానికి ఒక్కోసారి గట్టి కారణం ఉంటుంది, ఆ కారణం ప్రైమింగే.

కండ, ఎముక నలిగినప్పుడు కణాలు పగిలి వాటిలోని మైటోకాండ్రియా ముక్కలు రక్తంలోకి వస్తాయి. మైటోకాండ్రియా ఒకప్పుడు బ్యాక్టీరియానే కదా, కోట్ల ఏళ్ల కింద మన కణాల్లో చేరి స్థిరపడింది. దాని ప్రొటీన్ల మొదట్లో ఇప్పటికీ బ్యాక్టీరియా గుర్తే ఉంటుంది. ఇందాకటి ఎఫ్ఎంఎల్‌పీలో చూసిన ఫార్మైల్ గుర్తు. 2010లో నేచర్‌లో వచ్చిన పరిశోధన ఇదే చూపించింది. పెద్ద గాయం తర్వాత రక్తంలోకి వచ్చిన మైటోకాండ్రియా ముక్కలు న్యూట్రోఫిల్స్‌ని రెచ్చగొడతాయి. ఇన్ఫెక్షన్ ఏమీ లేకుండానే ఒళ్లంతా న్యూట్రోఫిల్స్ ప్రైమ్ అవుతాయి. అది మొదటి దెబ్బ. వెంటనే తొడ ఎముకలోకి రాడ్ దించే పెద్ద ఆపరేషన్ చేస్తే అది రెండో దెబ్బ. సగం మేల్కొన్న కణాలన్నీ ఒకేసారి పేలతాయి. ముందు దెబ్బతినేది ఊపిరితిత్తి. ఏఆర్‌డీఎస్ అంటారు, వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుంది. అందుకే పరిస్థితి నిలకడగా లేని పేషెంట్లకి ముందు బయటి నుంచి బిగించి, కొన్ని రోజులు ఆగి, అసలు ఆపరేషన్ తర్వాత చేస్తారు. డ్యామేజ్ కంట్రోల్ ఆర్థోపెడిక్స్ అని దీనికి పేరు. నిలకడగా ఉన్నవాళ్లకి తొందరగా చేయడమే మంచిది. ఎవరికి ఏది అన్నది అక్కడున్న డాక్టర్ తేల్చాలి. కానీ 'ఎందుకు ఆగుతున్నారు' అని అడిగే హక్కు మీకుంది. జవాబులో ఈ మాటలు వినిపిస్తే ఇప్పుడు అర్థమవుతుంది.

ఊపిరితిత్తే ఎందుకు ముందు దెబ్బతింటుంది? న్యూట్రోఫిల్ వ్యాసం సుమారు 7-8 మైక్రాన్లు. ఊపిరితిత్తుల సన్న రక్తనాళాలు చాలావరకు దానికన్నా ఇరుకు. మామూలు కణం మెత్తగా సాగి దూరిపోతుంది. ప్రైమ్ అయిన కణం గట్టిపడుతుంది, అక్కడే ఇరుక్కుంటుంది. ఇది లోపం అనిపిస్తుంది కదా? కానీ కేంబ్రిడ్జ్ వాళ్లు 2014లో థొరాక్స్ జర్నల్‌లో ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి, ప్రైమ్ అయిన న్యూట్రోఫిల్స్‌ని కాసేపు పట్టి ఉంచి, చల్లార్చి, మళ్లీ రక్తంలోకి వదులుతుంది. ఏఆర్‌డీఎస్‌లో ఆ పని దెబ్బతింటుంది. అంటే ప్రైమింగ్‌కి వెనక్కి వచ్చే దారి కూడా ఉంది. నాకు ఈ టాపిక్ మొత్తంలో ఇష్టమైన ముక్క ఇదే.

ఇప్పుడు ఇందాకటి కీళ్ల సంగతి. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో టీఎన్ఎఫ్ అనవసరంగా మోగే అలారం. దాన్ని ఆపే మందులు వచ్చాయి, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటివి. మంచం మీద నుంచి లేవలేనివాళ్లు లేచి నడిచారు, గొప్ప మందులు. కానీ 2001లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ఒక రిపోర్టు వచ్చింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవాళ్లలో 70 టీబీ కేసులు. ఎందుకంటే టీబీ క్రిమి చాలామందిలో చావదు, మాక్రోఫేజ్‌లు దాని చుట్టూ గోడ కట్టి బంధించి ఉంచుతాయి. ఆ కాపలా నిలబడాలంటే టీఎన్ఎఫ్ సిగ్నల్ ఆగకుండా అందాలి. అది ఆగితే కాపలా సడలుతుంది, క్రిమి బయటికొస్తుంది. ప్రపంచం మొత్తం టీబీ కేసుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోవే. కాబట్టి ఈ మందులు మొదలుపెట్టే ముందు డాక్టర్ ఛాతీ ఎక్స్‌రే, టీబీ టెస్టు రాస్తే 'కీళ్ల నొప్పికి ఊపిరితిత్తుల ఫొటో ఎందుకు' అని మానేయకండి.

ఇక స్టెరాయిడ్స్. ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం ఇదే. మన ఊళ్లలో జ్వరానికి, ఒళ్లు నొప్పులకి, ఆయాసానికి డెక్సామెథసోన్ ఇంజెక్షన్ వేసే అలవాటు ఇంకా ఉంది. సాయంత్రానికి జ్వరం దిగుతుంది, ఆకలేస్తుంది, 'ఆయన చెయ్యి మంచిది' అంటారు. లోపల జరిగేది ఏంటంటే, టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్‌ల తయారీనే స్టెరాయిడ్ తగ్గించేస్తుంది. అలారం వైరు కత్తిరించినట్టు. జ్వరం, నొప్పి ఆ అలారం వల్ల వచ్చినవే కాబట్టి అవి తగ్గుతాయి. క్రిమి ఎక్కడికీ పోలేదు.

తమాషా ఏంటంటే, మర్నాడు సీబీపీ చేయిస్తే న్యూట్రోఫిల్స్ పెరిగి కనిపిస్తాయి! న్యూట్రోఫిల్స్‌లో దాదాపు సగం ఎప్పుడూ రక్తనాళాల గోడల్ని అంటుకుని ఉంటాయి, సూదితో తీసిన రక్తంలో లెక్కకి రావు. స్టెరాయిడ్ వాటిని గోడ నుంచి విడదీస్తుంది. ఎముక మూలుగ నుంచి కొన్నిటిని బయటికి తోస్తుంది. రక్తంలోంచి ఒంట్లోకి వెళ్లే దారిని తగ్గిస్తుంది. డ్యూటీకి వెళ్లాల్సిన పోలీసులంతా స్టేషన్‌లోనే కూర్చుంటే హాజరు పట్టీ నిండుగా కనిపిస్తుంది కదా, అలాగ. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్తే ముందు వేయించుకున్న ఇంజెక్షన్ గురించి తప్పకుండా చెప్పాలి. చెప్పకపోతే ఆ పెరిగిన కౌంట్ చూసి ఇన్ఫెక్షన్ ముదిరిందనుకునే ప్రమాదం ఉంది.

అలాగని స్టెరాయిడ్ విషం అనడం కూడా తప్పే. కోవిడ్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్ 2020లో చూపించిందేంటి? రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, 10 రోజుల దాకా. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో చావులు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ మీదున్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి లాభం కనిపించలేదు. అదే మందు, అదే డోసు. కణాలు అదుపు తప్పి సొంత ఊపిరితిత్తిని కాల్చే దశలో అది ప్రాణం నిలిపింది. అవి క్రిమితో పోరాడే దశలో ఏమీ ఇవ్వలేదు.

2021లో మన దగ్గర జరిగింది చూశాం. బ్లాక్ ఫంగస్. ఆ జూన్ చివరికి దేశంలో 40 వేలకు పైగా కేసులు అని కేంద్ర ఆరోగ్య మంత్రి చెప్పారు. ఎక్కువమంది షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్ వాడినవాళ్లు. ఆ ఫంగస్ గాల్లో, మట్టిలో ఎప్పుడూ ఉండేదే. మామూలప్పుడు మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్స్ దాన్ని మొలకెత్తనివ్వవు. షుగర్ వాటిని మందం చేసింది, అవసరానికి మించి వాడిన స్టెరాయిడ్ వాటికి అందాల్సిన పిలుపునే ఆపేసింది. కళ్లు పోయినవాళ్లు, పైదవడ తీయించుకున్నవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు.

ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకునేవాణ్ణి. ఇది విని ఎవరూ తమ మందులు ఆపొద్దు. ముఖ్యంగా వారాల తరబడి స్టెరాయిడ్ బిళ్లలు వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి ఆగిపోయి ఉంటుంది, మెల్లగా తగ్గించాలి, అదీ డాక్టర్ చెప్పినట్టే. మీరు చేయగలిగింది ఏంటంటే, ఇంజెక్షన్ వేసే ముందు దాని పేరు అడగండి. ఖాళీ సీసా ఫొటో తీసుకోండి. డెక్సా, బెటామెథసోన్, హైడ్రోకార్టిసోన్, ఏది కనిపించినా 'ఇది ఎందుకు' అని అడగండి.

ఇమ్యూనిటీ బూస్టర్ పొడుల గురించి కూడా మాట్లాడమని అడుగుతుంటారు. ఇప్పటిదాకా విన్నారు కదా, ప్రైమ్ అయిన కణాన్ని ఇంకా పెంచితే ఊపిరితిత్తి పోతుంది, తగ్గిస్తే టీబీ వస్తుంది. ఆ డబ్బా మీద ఏ కణాన్ని, ఏ దశలో, ఎంత బూస్ట్ చేస్తుందో రాసి ఉందేమో చూడండి.

ఇంకో ప్రశ్న మిగిలింది. ఈ ప్రైమింగ్ గంటల్లో తీరిపోయేది. మరి నెలల తరబడి గుర్తుండే ప్రైమింగ్ ఉందా? ఉంది. మన ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ ఉంటుంది కదా. ఆ టీకా తర్వాత మోనోసైట్ కణాల డీఎన్ఏ చుట్టుకునే ప్రొటీన్ల మీద గుర్తులు మారి, నెలల తర్వాత కూడా వేరే క్రిములకి గట్టిగా స్పందించాయని నెదర్లాండ్స్‌లో మిహాయ్ నెటియా బృందం 2012లో చూపించింది. కోవిడ్‌ని అది ఆపుతుందేమోనని పెద్ద ట్రయల్స్ కూడా చేశారు, వాటిలో ఏం తేలిందో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండీ.